ముప్ఫై ఒకటో మేకు

ఆ అమ్మాయిని కాలేజీలో అందరూ ప్రాక్సీ అనేవారు. అమ్మానాన్న పెట్టిన పేరు ఒకటి సర్టిఫికెట్లలో ఉంది గానీ, ఆ పేరుతో పిలిస్తే వెనక్కి తిరిగి చూడటానికి ఆమెకే రెండు క్షణాలు పట్టేది. క్లాసులో అరవై మంది ఉంటే ఓ ఇరవై మందికి ఆమె గొంతే హాజరు పలికేది. లెక్చరర్ రిజిస్టరులోంచి తల ఎత్తకుండా నంబర్లు పిలుస్తూ పోతే, ఈమె బెంచీ మీద తల వాల్చుకుని ఒకసారి జలుబు చేసినట్టు, ఒకసారి అప్పుడే నిద్ర లేచినట్టు "ప్రెజెంట్ సార్" అంటూ పోయేది. మగపిల్లల నంబర్లు వస్తే ముందు ఓ దగ్గు దగ్గేది. మూడేళ్ళలో ఒక్కసారీ దొరకలేదు. దొరకాలంటే లెక్చరర్ తల ఎత్తాలి కదా.

దీన్ని ఆమె మోసం అనుకోలేదు, సాయం అనుకుంది. నిజం చెప్పాలంటే మనలో చాలామంది అలా అనుకున్నవాళ్ళమే. బస్సు తప్పినవాడికో, జ్వరంతో పడుకున్నదానికో ఒక్క మాట అడ్డం వేస్తే ఎవరి కొంప మునిగింది?

ఈ సాయాన్ని అందరికంటే ఎక్కువ వాడుకున్నవాడు ఆమె పిన్ని కొడుకు. ఆమె కంటే అయిదు నెలలే చిన్నవాడు, అయినా మాటలు వచ్చినప్పటినుంచీ అక్కా అనే పిలుపు. అతన్ని ఇంటా బయటా నిదానం అనేవారు. చెప్పులు వేసుకోవడానికి కూడా కాసేపు కూర్చుని ఆలోచించే రకం. జేబులో చిన్న నోటుపుస్తకం, ఓ పెన్సిలు ఎప్పుడూ ఉండేవి. కంటికి నచ్చింది కనబడితే అక్కడే కూలబడి బొమ్మ గీసుకునేవాడు. ఆ కూలబడ్డ వేళల్లో జరిగిపోయిన క్లాసులన్నిటికీ అక్క పలికింది.

మూడో ఏడు చివర, సముద్రాల అవతల ఉన్న ఓ యూనివర్సిటీతో కాలేజీకి ఒప్పందం కుదిరింది. ఒక సెమిస్టరు అక్కడ చదవడానికి నలుగుర్ని ఎంపిక చేశారు. ప్రాక్సీతో పాటు నిదానం కూడా ఆ నలుగుర్లో ఉన్నాడంటే, దానికి కావలసిన హాజరు శాతం ముమ్మాటికీ అక్క చలవే. విమానాశ్రయంలో పిన్ని ఆమె చెయ్యి పట్టుకుని పక్కకు లాగింది.

"వాడు ఎక్కడ కూర్చుంటే అక్కడే ఉండిపోతాడే. నువ్వే కనిపెట్టుకుని ఉండాలి. నా ప్రాణం నీ చేతుల్లో పెడుతున్నా."

"అబ్బా పిన్నీ, నేనున్నా కదా. వాడి బదులు అన్నీ నేనే చూసుకుంటా."

ఆ మాట నమ్మి పిన్ని నిజంగానే నిశ్చింతగా ఇంటికి వెళ్ళింది.

అక్కడి హాస్టల్ నాలుగంతస్తుల ఇటుక మేడ. గదిలో ఒక మంచం, ఒక బల్ల, తెరవడానికి రెండు చేతులూ కావలసిన కిటికీ. అంతస్తుకి ఒకటే వంటగది. అలమర అరల మీద ఎవరి పేరు వాళ్ళు కాగితం మీద రాసి అంటించుకోవాలి. బట్టలు ఉతుక్కోవడానికి వారానికి ఒక గంట. తక్కిన ఇద్దరిలో ఒకడు మ్యాప్, దారులన్నీ వాడి ఫోనులో ఉంటాయి కాబట్టి. ఒకమ్మాయి మాత్రలు, ఏ నొప్పికైనా ఆమె సంచిలో ఓ మాత్ర ఉంటుంది కాబట్టి. క్లాసుల్లో అక్కడ హాజరు తీసుకోరు. వచ్చినవాళ్ళకు పాఠం, రానివాళ్ళకు వాళ్ళ ఖర్మ. మొదటి వారం మన ప్రాక్సీకి చేతులు కట్టేసినట్టు ఉంది.

రెండో వారంలో ఒక ఉదయం హాస్టల్లో గంట మోగింది. నిప్పు అంటుకుంటే ఏం చెయ్యాలో నేర్పడానికి ఉత్తుత్తి గంట అది. అందరూ స్వెటర్లు తగిలించుకుని పెరట్లోకి పరుగెత్తారు. వార్డెన్ ఓ సన్నటి మనిషి, చలికి వణుకుతూ గది నంబర్లు పిలుస్తోంది. నిదానం కనబడలేదు. వాడు పైన దుప్పట్లో ఉంటాడని అక్కకు తెలుసు. వాడి నంబరు రాగానే జనం వెనక నిలబడి ఓ దగ్గు దగ్గి "హియర్" అంది. వార్డెన్ టిక్కు పెట్టింది. మాత్రలు నోరు నొక్కుకుని నవ్వింది. మ్యాప్ మాత్రం మెట్ల వైపు చూస్తూ, "నిజంగా మంట అయ్యుంటే?" అన్నాడు. "నిజంగా మంట అయితే నేనే వెళ్ళి లాక్కొచ్చేదాన్ని" అంది ప్రాక్సీ. ఆ రోజంతా దీన్ని చెప్పుకుని మళ్ళీ మళ్ళీ నవ్వారు.

శనివారం వచ్చిందంటే నలుగురూ సంచులు సర్దేవారు. అన్నం డబ్బాలు, నీళ్ళ సీసాలు, మ్యాప్ ఫోనుకు రెండు చార్జర్లు. ఓ వారం కొండమీది పాత కోట, ఓ వారం మూసేసిన బొగ్గు గని, ఓ వారం పేరు పలకడం రాని సరస్సు. ప్రతిచోటా నిదానం వెనకబడటం, ప్రతిచోటా అక్క తిరిగి వెళ్ళి రెక్క పట్టుకుని తేవడం. బస్సు డ్రైవర్లు నలుగురూ ఎక్కారా అని అడిగితే, వాడు ఇంకా రోడ్డు అవతల ఉన్నా "ఎక్కాం" అని ఆమె చెప్పేసేది. వాడు పరుగెత్తి చివరి మెట్టు అందుకునేవాడు. ఎప్పుడూ అందింది. అదే వచ్చిన చిక్కు.

పదకొండో శనివారం వాళ్ళు ఓ చిన్న లంకకు వెళ్ళారు. ఒడ్డుకూ లంకకూ మధ్య సముద్రం రోజుకు రెండుసార్లు వెనక్కి తగ్గుతుంది. తగ్గినప్పుడు ఇసుకలోంచి ఓ రాతి బాట బయటపడుతుంది. దాని మీద అరగంట నడిస్తే లంక. పోటు వచ్చేలోగా తిరిగి రావాలి. ఆ రోజు తెల్లవారినప్పటినుంచీ పొగమంచు. లంక ఎక్కడుందో కూడా కనబడలేదు, బాట ఓ వంద గజాలు పోయి తెల్లటి గోడలో దూరిపోయినట్టుంది. దూరంగా, మంచులో పడవల్ని హెచ్చరించే బూర ఏదో నిమిషానికోసారి మూలుగుతోంది.

బాట మొదట్లో ఓ చెక్క గది, అందులో ఓ కాపలా పెద్దాయన. గది బయటి గోడకు ఓ నల్లబల్ల, దానికి నలభై మేకులు, మేకుకో ఇత్తడి బిళ్ళ. వెళ్ళే ప్రతి మనిషీ ఓ బిళ్ళ తీసుకుని మెడలో వేసుకోవాలి, తిరిగొచ్చి అదే మేకుకు తగిలించాలి. ఎవరికి కావాలంటే వాళ్ళకు పసుపుపచ్చ వానకోటు ఎరువిస్తారు. పెద్దాయన వచ్చీరాని ఇంగ్లీషులో, ఒక్కో మాటా ఏరి చెప్పాడు.

"నాలుగుకి బాట మూస్తాను. పావు తక్కువ నాలుగుకి బల్ల చూస్తాను. ఒక్క మేకు ఖాళీగా ఉన్నా బోటుకి ఫోన్ చేస్తాను. నీళ్ళు ఒడ్డు నుంచి రావు, బాట మధ్య నుంచి వస్తాయి. మధ్యలో రాతి దిమ్మలు ఉన్నాయి. నీళ్ళు చుట్టుముడితే ఈదొద్దు, నడవొద్దు. దిమ్మ ఎక్కి కూర్చోండి. బోటు పావుగంటలో వస్తుంది."

"దిమ్మ కూడా మునిగితే?" అని అడిగింది మాత్రలు.

"మునుగుతుంది. అంతకు ముందే బోటు వస్తుంది. మేకు ఖాళీగా ఉంటే."

మ్యాప్‌కు ఇరవై తొమ్మిది, మాత్రలకు ముప్ఫై, నిదానానికి ముప్ఫై ఒకటి, ప్రాక్సీకి ముప్ఫై రెండు వచ్చాయి. వానకోటు నిదానం ఒక్కడే తీసుకున్నాడు.

లంక మీద చూడటానికి పెద్దగా ఏమీ లేదు. గడ్డి, గాలి, తలుపు ఊడిన ఓ పాత లైట్‌హౌస్. నిదానానికి అదే పండగ. మధ్యాహ్నం రెండు దాటాక మాత్రలకు తన సంచిలోని మందులకు కూడా లొంగని తలనొప్పి పట్టుకుంది. మ్యాప్ ఆమెను తీసుకుని ముందు బయల్దేరాడు. మూడుంబావుకి ప్రాక్సీ లైట్‌హౌస్ మెట్ల కింద నిలబడి కేకేసింది.

"ఒరేయ్, లేస్తావా లేదా?"

"పైనుంచి ఒక్క బొమ్మ అక్కా. పది నిమిషాలు." వాడు రెండు మెట్లు దిగి, మెడలోంచి బిళ్ళ తీసి ఆమెకిచ్చాడు. "ఇది వంగినప్పుడల్లా కాగితం మీద పడుతోంది. నువ్వు పట్టుకో. నేనైతే ఎక్కడో పారేసుకుంటా."

"బాట మూసేస్తారు రా."

"నువ్వు నడుస్తూ ఉండు, వెనకే వచ్చేస్తా. బస్సు ఆపు."

వాడి పది నిమిషాల సంగతి ఆమెకు తెలియంది కాదు. అయినా నడిచింది. బస్సు నాలుగూ పదికి, దాని తరువాత మళ్ళీ రేపే. మంచులో తన అడుగుల చప్పుడు తప్ప ఏమీ వినబడలేదు. బాట మధ్యలో రాళ్ళ సందుల్లో నీళ్ళు అప్పుడే చిన్నగా మెరుస్తున్నాయి. చూసింది, చూసి గబగబా దాటేసింది.

చెక్క గది దగ్గరికి వచ్చేసరికి గడియారం పావు తక్కువ నాలుగు దాటింది. ఆమె తన బిళ్ళ తగిలించింది. నలభైలో ఒక్క మేకే ఖాళీ. పెద్దాయన గదిలో కిటికీ పక్కన నిలబడి ఫోన్ చేతిలోకి తీసుకున్నాడు.

"ఒకటి తక్కువ. మీవాళ్ళదేనా?"

"మాదే. వస్తున్నాడు."

"వచ్చాడా? వస్తున్నాడా?"

ఆమె వెనక్కి తిరిగి చూసింది. మంచులో ఓ పసుపు కోటు కనబడింది. మెల్లగా, తాపీగా, ఏ తొందరా లేనట్టు ఒడ్డుకు నడిచి వస్తోంది. అచ్చం వాడి నడకే. ఆమె ప్రాణం కుదుటపడింది. ఇప్పుడు ఈయన ఫోన్ చేస్తే బోటు బయల్దేరుతుంది, యూనివర్సిటీకి ఉత్తరం వెళుతుంది, అక్కడినుంచి కాలేజీకి వెళుతుంది, పిన్నికి తెలుస్తుంది. ఇంతా చేసి వాడు రెండు నిమిషాల్లో ఇక్కడుంటాడు.

"వచ్చాడు సార్" అంది. ముప్ఫై ఒకటి తగిలించింది.

పెద్దాయన ఫోన్ పెట్టేశాడు. బయటికొచ్చి వేలితో మేకులు లెక్కపెట్టుకున్నాడు, నలభై. తన చేతి బూర ఒకసారి పొడుగ్గా ఊది, బాటకు అడ్డంగా గొలుసు వేసి, గదికి తాళం పెట్టి, సైకిలు తోసుకుంటూ వెళ్ళిపోయాడు. ఆమె బస్సు ఆపడానికి ఒడ్డున ఉన్న మట్టికట్ట దాటి రోడ్డు మీదికి పరుగెత్తింది. కట్ట అవతలినుంచి సముద్రం కనబడదు.

బస్సు వచ్చింది. డ్రైవరు బతిమాలించుకుని ఆగాడు. మ్యాప్ తలుపులో ఒక కాలు పెట్టి నిలబడ్డాడు. కట్ట మీద పసుపు కోటు కనబడింది. తలమీద టోపీ తీసింది. ఓ ముసలామె. చేతిలో ఆల్చిప్పల బుట్ట. ఆ ఊరి మనిషి, రోజూ ఆ ఇసుకలో ఏరుకునే మనిషి, బిళ్ళతో పనిలేని మనిషి.

"వాడేడీ?" అన్నాడు మ్యాప్. ఆమె జవాబు చెప్పకుండా కట్ట మీదికి ఉరికింది. బాట మొదటి ఇరవై గజాలు పొడిగా ఉన్నాయి. ఆ తరువాత నీళ్ళు. నల్లబల్ల మీద నలభై బిళ్ళలూ బుద్ధిగా వేలాడుతున్నాయి.

ముసలామె చెయ్యి చాపి పెద్దాయన ఇల్లు చూపించింది. ముగ్గురూ పరుగెత్తారు. ఆయన గుమ్మంలో కూర్చుని బూట్లు విప్పుకుంటున్నాడు.

"సార్, మా తమ్ముడు లేడు."

"బల్ల నిండింది. వచ్చాడని నువ్వే చెప్పావు."

ఇక్కడ ఆమె నిజం చెప్పి ఉండాల్సింది. "వచ్చాడు... వచ్చి మళ్ళీ వెనక్కి వెళ్ళాడేమో" అంది. పలికేశాక ఆ అబద్ధం ఎంత పెద్దదో ఆమెకు తెలుస్తూనే ఉంది, అయినా మాట వెనక్కి తీసుకోలేదు.

"గొలుసు వేసేదాకా నేను అక్కడే ఉన్నాను, ఎవరూ వెనక్కి దాటలేదు. బస్టాపులోనో, దాని వెనక దుకాణంలోనో ఉంటాడు. వెతకండి." ఆయన రెండో బూటు విప్పుకున్నాడు.

మ్యాప్ అటు పరుగెత్తాడు. ఆమె అక్కడే నిలబడింది. దుకాణంలో ఉండడని ఆమెకు తెలుసు. పంచేంద్రియాలూ ఒకటే చెబుతున్నాయి, బూర మూలుగు కూడా అదే చెబుతోంది. మ్యాప్ ఆయాసపడుతూ తిరిగొచ్చి తల అడ్డంగా ఊపేదాకా, ఎనిమిది నిమిషాలు, ఆమె నోరు పెగల్లేదు.

"నేనే తగిలించాను" అంది అప్పుడు. "వాడు రాలేదు. వాడి బిళ్ళ నా దగ్గరుంది. నేనే తగిలించాను."

పెద్దాయన ఆమెను తిట్టలేదు. తిట్టి ఉంటే బావుండేది. ఆయన మొహం ఒక్కసారిగా ముసలిదైపోయింది. లోపలికి వెళ్ళి ఫోన్ తిప్పాడు. ఆయన భాషలో చెప్పింది వీళ్ళకు అర్థం కాలేదు గానీ, పెట్టేశాక ఇంగ్లీషులో తనలో తను గొణుక్కున్నాడు. "నేను మనిషిని చూడలేదు. బల్లనే చూశాను."

పెద్దాయనతో కలిసి నలుగురూ మళ్ళీ ఒడ్డుకు వచ్చారు. ఒడ్డు అంటే ఇప్పుడు గొలుసు దాకా నీళ్ళే. వాడి ఫోను ఎప్పటిలాగే హాస్టల్ గదిలోనే ఉండిపోయింది, ముగ్గురూ పేరు పెట్టి గొంతు చించుకుని అరిచారు. మంచు ఆ అరుపుల్ని రెండు గజాల్లోనే మింగేసింది. ఎప్పుడో ఓ బోటు మోటారు ఎడమ వైపు వినబడి, దూరమై, వినబడకుండా పోయింది. అప్పుడు ఆమె ఫోన్ మోగింది. పిన్ని. ప్రతి శనివారం ఆ వేళకే చేస్తుంది.

ఎత్తకుండా ఉంటే అనుమానపడుతుందని ఎత్తింది.

"ఏమే, ఎక్కడున్నారు? ఆ గాలి హోరేంటి?"

"సముద్రం దగ్గరికొచ్చాం పిన్నీ. బస్సు కోసం నిలబడ్డాం."

"వాడేం చేస్తున్నాడు? ఒకసారి ఇవ్వు."

"నిద్రపోతున్నాడు పిన్నీ. పక్కనే బెంచీ మీద. బాగా అలిసిపోయాడు."

"లేపకులే పాపం. పైన ఏదైనా కప్పు."

"సరే పిన్నీ" అంది. ఫోన్ పెట్టేశాక మ్యాప్ ఆమె మొహంలోకి చూశాడు. వాడి చూపులో కోపం లేదు, భయం ఉంది. ఈ పిల్ల ఇంకా ఎంతవరకు పలకగలదు అనే భయం. ఆమె గొలుసు పట్టుకుని నీళ్ళ మీదికి వంగింది. దేవుడా, వాడిని ఇచ్చెయ్ చాలు, నా గొంతు తీసుకో అని మొక్కుకుంది. జీవితంలో మొదటిసారి ఆమెకు ఒక గొంతు వినాలనిపించింది, అది తను బదులు పలకగలిగేది కాదు.

బోటు వచ్చేసరికి అయిదు దాటింది. ఇద్దరు మనుషులు ఒక మూటను దించారు. మూట కదిలింది. పెదాలు నీలంగా ఉన్నాయి, జుట్టులో ఉప్పు, పసుపు కోటు చిరిగి పీలికలైంది. నిదానం బతికే ఉన్నాడు. నీళ్ళు గడ్డం దాకా వచ్చాయని, రెండు చేతులతో దిమ్మ మీది ఇనుప కొక్కెం పట్టుకుని ఉన్నాడని, ఇంకో పది నిమిషాలైతే వేళ్ళు వదిలేసేవని బోటు మనిషి చేతులతో చూపించాడు.

పెద్దాయన ఇంట్లో పొయ్యి దగ్గర కూర్చోబెట్టారు. తడిబట్టలు తీసి దుప్పటి చుట్టారు. మాత్రలు వేడినీళ్ళు తాగించింది. ప్రాక్సీ కింద కూర్చుని, వాడి పాదాలు ఒళ్ళో పెట్టుకుని తువ్వాలుతో రుద్దుతోంది. మంచుగడ్డల్లా ఉన్నాయి. రుద్దుతూ ఏడుస్తోంది, ఏడుస్తూ రుద్దుతోంది. చాలాసేపటికి వాడికి పళ్ళు కొట్టుకోవడం తగ్గింది.

"ఏడవకక్కా. నాకేం భయం వెయ్యలేదు" అన్నాడు. "మధ్యలోకి వచ్చేసరికి చీలమండ లోతు నీళ్ళున్నాయి. వెనక్కి లంక మీదికి పోదామనుకున్నా. పోగలిగేవాణ్ణి కూడా, దారి ఉంది. అప్పుడు ఆయన మాట గుర్తొచ్చింది. నా బిళ్ళ నీ దగ్గరే ఉంది కదా, నేను రాకుండా నువ్వు తగిలించవు కదా. మేకు ఖాళీగా ఉంటుంది, పావుగంటలో బోటు వస్తుంది, ఎందుకు పరుగెత్తడం అని దిమ్మ ఎక్కి కూర్చున్నా. బోటుకెందుకో ఆలస్యమైంది. ఏం, మోటారు చెడిందా?"

పెద్దాయనకు వాళ్ళ భాష రాదు, అయినా ప్రాక్సీ వైపే చూస్తున్నాడు. మ్యాప్ కిటికీ వైపు తిరిగాడు. మోటారు చెడిందని ఒక్క మాట చెప్తే సరిపోయేది. ఆ గదిలో ఎవరూ కాదనేవారు కాదు.

"నేను తగిలించాన్రా" అంది ఆమె.

వాడికి వెంటనే అర్థం కాలేదు. వాడు నిదానం కదా. కాసేపు పొయ్యి వైపు చూశాడు, తరువాత ఆమె వైపు చూశాడు.

"నేను రాకముందేనా?"

"ఊఁ."

"ఎందుకక్కా?"

ఉత్తరం గురించీ పిన్ని గురించీ పసుపు కోటు గురించీ చెప్పాలనుకుంది.

"అలవాటు" అంది.

వాడు ఆమె ఒళ్ళోంచి పాదాలు మెల్లగా వెనక్కి లాక్కుని, దుప్పటి కిందికి దోపుకున్నాడు.